నక్క తిరుపాలు కట్టిన గోదా

తూర్పుకొండకీ పడమటికొండకీ నడుమ ఒక ఇసుకవాగు ఉండేది. ఆ రెండు కొండల మీదా తాతల కాలం నుంచి గొర్రెల మందలు మేస్తుండేవి. అక్కడి పొట్టేళ్లకు తెలిసిన విద్య ఒక్కటే, ఢీకొట్టడం. కరవకూడదు, కాలితో తన్నకూడదు, పక్కనుంచి పొడవకూడదు. ఎదురెదురుగా నిలబడి, వెనక్కి నడిచి, పరుగున వచ్చి నుదురుకు నుదురు తాకించాలి. ఎవరు ముందు తల పక్కకు తిప్పుకుంటే వాళ్లు ఓడినట్టు.

చెప్పుకుంటే ఇంతే. కానీ దాన్ని చూడ్డానికి కుందేళ్లు, జింకలు, కోతులు, కొంగలు, ఆఖరికి ఎలుగుబంట్లు కూడా పనులు మానుకుని వచ్చేవి. వస్తూ వస్తూ ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చేవాళ్లు. తుమ్మకాయలు, ఉలవకొమ్మలు, రేగుపళ్లు, సీతాఫలాలు, కొంగలైతే వాగులో పట్టిన పీతలు. అన్నీ ఒకచోట కుప్ప పోసేవాళ్లు. అందులో పెద్దభాగం ఢీకొట్టిన పొట్టేళ్లది. మిగిలింది పందెం కుదిర్చినవాళ్లది.

ఆ కొండల్లో ఒక పాత కట్టుబాటు ఉండేది. పందెం కుదిర్చేవాడు వేరు, గెలిచినవాడి మెడలో పట్టెడ కట్టేవాడు వేరు. రెండు పనులూ ఒక్కడి చేతిలో ఉండకూడదు. ఎప్పుడో ఒకడు రెండూ తన దగ్గరే పెట్టుకుని, తనకు నచ్చిన పొట్టేలినే మొనగాడంటూ ఊరేగించి అందరినీ ఏడిపించాడట. అప్పటినుంచీ ఆ కట్టుబాటు.

కట్టుబాటు మంచిదే. కానీ దాని నీడన ఇంకో తలనొప్పి పెరిగింది. పట్టెడ కట్టేది నేనంటే నేనని ముగ్గురు పెద్దలు తయారయ్యారు. తాబేలు ఒక పట్టెడ కట్టేది, నెమలి ఇంకొకటి, గాడిద మరొకటి. ముగ్గురు మొనగాళ్లు, ముగ్గురూ ఎవరి మందలో వాళ్లు. అసలు మొనగాడెవడని కుందేలు పిల్ల అడిగినా జవాబు చెప్పగలిగినవాడు లేడు.

తూర్పుకొండ మీద పేరున్న పొట్టేలు మద్దిలేటి. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లటి మచ్చ. పడమటికొండ మీద బీరప్ప. ఎర్రటి ఉన్ని, తక్కువ మాటలు, నెమ్మదైన నడక. ఇద్దరూ ఓటమి ఎరగరు. ఇద్దరూ ఒకరితో ఒకరు ఢీకొట్టిందీ లేదు. బీరప్ప తూర్పుకొండకు రావాలని మద్దిలేటి పట్టుబట్టాడు, మద్దిలేటే పడమటికొండకు రావాలని బీరప్ప మందవాళ్లు పట్టుబట్టారు. కుప్పలో ఎవరికెంత అన్న దగ్గర ఇంకో పేచీ, ఎవరి పట్టెడ పెద్దదన్న దగ్గర ఇంకొకటి. ఏళ్లు గడిచిపోయాయి. జనానికి విసుగొచ్చింది. మద్దిలేటి గడ్డం కింద ఉన్ని నెరవడం మొదలైంది. పొద్దున్నే లేచి మెడ తిప్పితే ఎముక కలుక్కుమంటోంది. బీరప్పతో తేల్చుకోకుండానే వయసు అయిపోతుందేమోనని వాడికి లోపల ఒక దిగులు పట్టుకుంది. ఆ మాట వాడు ఎవరితోనూ అనలేదు. మందలో పెద్దది, వాడికి ఢీ నేర్పిన సుంకులవ్వ అనే ముసలి గొర్రెకు మాత్రం చెప్పకుండానే తెలిసింది.

అలాంటి రోజుల్లో దిగువ అడవి నుంచి నక్క తిరుపాలు వచ్చాడు.

దిగువ అడవిలో తిరుపాలు అప్పటికే ఒక గోదా నడుపుతున్నాడు. అక్కడి పోటీని అందరూ కలగాపులగం కుస్తీ అనేవాళ్లు. అందులో కొమ్ములున్నవాడు పొడవచ్చు, గోళ్లున్నవాడు గీరచ్చు, పళ్లున్నవాడు కరవచ్చు. అడవిపందికీ ఏదుపందికీ పోటీ, ముంగిసకూ ఉడుముకూ పోటీ. మొదట్లో ఇదేం ఆటని అందరూ మొహం చిట్లించారు. తిరుపాలు పట్టు వదల్లేదు. చుట్టూ చెట్లు పెంచి నీడ చేశాడు, కూర్చోడానికి మెట్టమెట్టుగా మట్టి పోయించాడు, ప్రతి పున్నమికీ పోటీ తప్పదన్నాడు, అన్నట్టే నడిపాడు. పోటీ కుదిర్చేదీ అతనే, ఎవరు ఎవరికన్నా గొప్పో చెప్పేదీ అతనే, పట్టెడ కట్టేదీ అతనే. ఎవరు కొట్టుకుంటున్నారో తెలియకపోయినా సరే, తిరుపాలు గోదా అంటే చాలు, జనం విరగబడి వచ్చేవాళ్లు.

తిరుపాలు రెండు కొండల పొట్టేళ్లనూ వాగు దగ్గరకు పిలిపించాడు. తెచ్చిన సీతాఫలాలు అందరికీ పంచి, మెత్తగా మొదలుపెట్టాడు. మీ విద్య గొప్పది, కానీ దాన్ని మీరు నడిపే తీరు బాగాలేదన్నాడు. మూడు పట్టెడలెందుకు, ఒక్కటి చాలదా అన్నాడు. మొనగాళ్లు ఒకరినొకరు తప్పించుకు తిరుగుతుంటే చూసేవాళ్లు ఎంతకాలం వస్తారన్నాడు. కుర్ర పొట్టేళ్లు పందెం కోసం ఎండాకాలమంతా ఎదురుచూస్తూ కూర్చోవడం న్యాయమేనా అని అడిగాడు. ఇందులో ఒక్క మాటను కూడా ఎవరూ కాదనలేకపోయారు.

పాత కట్టుబాటు సంగతేమిటని సుంకులవ్వ అడిగింది. దాన్నెవరూ చెరిపెయ్యక్కర్లేదని తిరుపాలు చెప్పాడు. పాత పద్ధతి కావాలన్నవాళ్లకు పాత పద్ధతి ఉంటుంది, తన దగ్గరకు వచ్చినవాళ్లకు తన పద్ధతి ఉంటుంది, ఎవరి ఇష్టం వాళ్లది. వచ్చినవాళ్లకు కోతులు అల్లిన ఎర్రటి నారపట్టెడ కడతాడు, మొనగాడి పట్టెడకు మాత్రం గజ్జెలుంటాయి.

"నేను అడిగేది ఒక్కటే," అన్నాడు తిరుపాలు. "నా పట్టెడ మెడలో ఉన్నన్నాళ్లూ నా గోదాలో తప్ప ఇంకెక్కడా ఢీకొట్టనని మాటివ్వాలి. పట్టెడ మీ అంతట మీరు తీసెయ్యకూడదు. కట్టేదీ నేనే, తీసేదీ నేనే."

మద్దిలేటి అందరికన్నా ముందు లేచాడు. బీరప్పతో నన్ను ఢీకొట్టిస్తావా అని అడిగాడు. ఏడాది తిరక్కుండా కొట్టిస్తానన్నాడు తిరుపాలు. మద్దిలేటి మెడ వంచాడు. తిరుపాలు గజ్జెల పట్టెడ వాడికే కట్టాడు. వాడు వంచాక కుర్ర పొట్టేళ్లన్నీ వరసగా వంచాయి. పడమటికొండ మీద బీరప్ప కొన్నాళ్లు ఆలోచించి, తన మందలో కుర్రాళ్లంతా వెళ్లిపోతుంటే తానొక్కడూ మిగిలిపోతానని తానూ వచ్చి కట్టించుకున్నాడు.

నిజం చెప్పాలంటే మొదటి రోజులు బాగానే గడిచాయి. తిరుపాలు వాగుకు దిగువన కొత్త గోదా కట్టించాడు. నేల చదును చేయించాడు, రాళ్లు ఏరించాడు. పున్నమి వస్తే పందెం జరిగి తీరాల్సిందే. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఇంకొకడు సిద్ధంగా ఉండేవాడు. పేరు తెలియని కుర్ర పొట్టేళ్లు జనం కళ్లలో పడ్డారు. చెన్నరాయుడు అనే గోధుమరంగు పొట్టేలు అలాగే పైకొచ్చాడు. ఏడాదికి మూడు పందేలు కూడా చూడని కొండజింకలు ఒక్క చలికాలంలోనే కడుపునిండా చూశాయి.

తేడా కుప్ప దగ్గర మొదలైంది. కుప్పలు మునుపటికన్నా పెద్దవయ్యాయి, పొట్టేళ్ల వాటా మాత్రం చిన్నదయింది. గెలిచినా ఓడినా తలా ఒక గంప తుమ్మకాయలు ఇచ్చి పంపేవాడు తిరుపాలు. మిగతాది గోదా ఖర్చులకన్నాడు. నీడకు, మట్టికి, కోతులకు. ఒక కుర్ర పొట్టేలు ఈ గంప చాలదంటే, వచ్చే పున్నమికి వాడి పేరు వరసలో కిందికి దిగిపోయింది. ఆ పై పున్నమికి అసలు కనబడలేదు. వాడు ఇంకోచోట ఢీకొట్టడానికీ లేదు, మెడలో పట్టెడ ఉంది. తిరుపాలు దాన్ని తియ్యడూ, వాణ్ని ఆడించడూ. ఆ పొట్టేలు ముళ్లచెట్టుకు తల రాసుకుంటూ రోజులు వెళ్లదీశాడు.

మద్దిలేటి అది చూశాడు. చూసి కూడా ఊరుకున్నాడు. బీరప్పతో పందెం జరిగేదాకా ఎలాగో ఓర్చుకుందామనుకున్నాడు.

కార్తీకపున్నమికి మద్దిలేటికీ బీరప్పకూ పందెమని తిరుపాలు చాటించాడు. కాకులు ఆ కబురును ఎంత దూరం మోశాయంటే, ఎప్పుడూ దిగిరాని దూరపు కొండల ఎలుగుబంట్లు కూడా తేనెపట్లు మోసుకుని బయలుదేరాయి. ఇన్నేళ్లలో అంత కుప్ప పడలేదు, ఇక ముందు పడబోదని అందరూ అనుకున్నారు. అలాంటి పందేనికి కూడా తలా ఒక గంపేనని తిరుపాలు దగ్గర పనిచేసే ఒక కోతి వచ్చి చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రం మద్దిలేటిని చూడ్డానికి దిగువ అడవి నుంచి అడవిపంది కొండడు వచ్చాడు. ఒకప్పుడు కలగాపులగం కుస్తీలో గజ్జెల పట్టెడ అతనిదే. ఒక చెవి సగం చిరిగిపోయి ఉంది, నడకలో కుంటు ఉంది. సుంకులవ్వ అతనికి కాస్త దుంపలు పెట్టింది. తింటూ తన కథ చెప్పాడు. తానూ ఒకసారి వాటా ఎక్కువ కావాలని అడిగాడు. తిరుపాలు కోప్పడలేదు, అరవలేదు. పోటీ రోజున నలుగురి ముందూ పట్టెడ తీసి ఏదుపంది మెడలో కట్టాడు. జనం కాసేపు గుసగుసలాడుకుని, తర్వాత ఏదుపందికి కేకలేశారు.

"మరుసటి పున్నమికి నేను గోదా గట్టున నిలబడితే, జరుగు, కనబడటం లేదన్నారు," అన్నాడు కొండడు. "నువ్వు అడగొద్దు మద్దిలేటీ. ఉన్న గంప తిని ఊరుకో. పట్టెడ లేనివాణ్ని ఎవరూ గుర్తుపట్టరు."

అతను వెళ్లిపోయాక మద్దిలేటి చాలాసేపు పడుకుని నెమరు వేస్తూ ఉండిపోయాడు. భయమేసింది వాడికి. ఓడిపోతానని ఎప్పుడూ భయపడలేదు కానీ, మరిచిపోతారన్న మాటను మాత్రం మనసులోంచి తోసెయ్యలేకపోయాడు. ఏం చెయ్యాలి అవ్వా అని అడిగాడు.

సుంకులవ్వ, నీకు కావలసింది కుప్పా, పందెమా అని తిరిగి అడిగింది. పందెమేనన్నాడు వాడు. అయితే ఊరుకోవచ్చు కదా అంది. మద్దిలేటి ముళ్లచెట్టు దగ్గర తల రాసుకుంటున్న కుర్ర పొట్టేలి వైపు చూశాడు. వాడు మెడ వంచింది నన్ను చూసే కదా అవ్వా అన్నాడు.

"కొండడి సంగతి వేరు, నీ సంగతి వేరు నాయనా," అంది సుంకులవ్వ. "దిగువ అడవిలో జనం గోదాను చూసి వచ్చారు, గోదా వాళ్లకు కొండణ్ని చూపించింది. ఇక్కడ గోదా లేనప్పుడే, ఎండలో, ముళ్లలో నిలబడి నిన్ను చూశారు. మీ అమ్మ తోడబుట్టినవాణ్ని చూశారు, వాడి నాన్ననూ చూశారు. ఆ తేడా తిరుపాలుకు తెలిసినట్టు లేదు. జనానికి తెలుసో తెలియదో నేనూ చెప్పలేను. అడిగితేనే తెలుస్తుంది."

పున్నమి నాడు పొద్దెక్కకముందే గోదా చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. మెట్లు చాలక కోతులు చెట్లెక్కాయి. కుప్ప ఎలుగుబంటి ఎత్తు లేచింది. దాని తేనె వాసనకు తిరుపాలు ముక్కు అదిరింది.

మద్దిలేటి గోదాలోకి వచ్చి నేరుగా తిరుపాలు ముందు నిలబడ్డాడు. ఎవరూ వినకుండా పక్కకు పిలిచి అడగలేదు. అందరూ వినేటట్టు, కోపం లేకుండా అడిగాడు. ఈ కుప్ప మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లు పోసింది. పాతరోజుల్లో లాగా పెద్దభాగం ఢీకొట్టినవాళ్లకు ఇవ్వు. నాకూ బీరప్పకే కాదు, ఈ పట్టెడ కట్టుకున్న ప్రతి పొట్టేలికీ. ఆడనివ్వకుండా ఎండబెట్టిన ఆ కుర్రాణ్ని ఆడనైనా ఆడించు, వదలనైనా వదులు.

తిరుపాలు నవ్వాడు. ఇలాంటివి అతను ఎన్నో చూశాడు. ఏం చెయ్యాలో అతనికి బాగా తెలుసు. ఇంతకుముందు పనిచేసిందే ఇప్పుడూ పనిచేస్తుందనుకున్నాడు. గంప చాలనివాళ్లకు తన గోదాలో చోటు లేదని జనం వైపు తిరిగి చెప్పాడు. ముందుకొచ్చి మద్దిలేటి మెడలోంచి గజ్జెల పట్టెడ విప్పాడు. గట్టున నిలబడ్డ చెన్నరాయుణ్ని పిలిచి వాడి మెడలో కట్టాడు. ఇక వీడే మీ మొనగాడు, బీరప్పతో వీడే ఢీకొడతాడని చాటించాడు.

జనంలో గుసగుస లేచింది. మద్దిలేటి తల దించుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత బీరప్ప పది బారల దూరంలో ఉన్నాడు. మెడ చల్లగా, బోసిగా ఉంది. వాడికి ఏడుపొచ్చింది.

అవతలి వైపు నుంచి బీరప్ప నెమ్మదిగా నడిచి వచ్చాడు. వాడికి అదొక అవకాశం. కుర్రాణ్ని ఒక్క గుద్దుతో పక్కకు తోస్తే గజ్జెల పట్టెడ తనదే, రెండు కొండలకూ తానే మొనగాడు. తిరుపాలు కూడా అదే చెవిలో చెప్పాడు. బీరప్ప చెన్నరాయుడి వైపు చూశాడు. మద్దిలేటి బోసి మెడ వైపు చూశాడు.

"నేను ఇన్నేళ్లు ఎదురుచూసింది ఈ పిల్లవాడి కోసం కాదు," అన్నాడు. "వీడితో ఢీకొట్టను."

కొట్టకపోతే నీ పట్టెడా పోతుందని తిరుపాలు కసిరాడు. బీరప్ప మెడ వంచాడు. ఎంత తొందరగా, ఎంత కిందికి వంచాడో చూస్తే తిరుపాలుకు అనుమానం రావలసింది. కానీ అతను కోపంలో ఉన్నాడు. జనం చూస్తున్నారు. ముడి విప్పి పట్టెడ లాగి నేలకేసి కొట్టాడు.

బీరప్ప తల పైకెత్తి మెడ ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. వాడి మొహంలో ఎప్పుడూ కనబడని ఒక చిరునవ్వు కనబడింది.

"ఏం మద్దిలేటీ," అన్నాడు. "వాగు ఇసుకలో ఎండ బాగానే కాస్తున్నట్టుంది. వస్తావా?"

అప్పటికి గానీ మద్దిలేటికి అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. తిరుపాలుకు ఇంకాస్త ఆలస్యంగా అర్థమైంది. అడ్డం వచ్చి, మాటిచ్చారు, ఇంకెక్కడా ఢీకొట్టకూడదని కేకలు వేశాడు.

"నీ పట్టెడ మెడలో ఉన్నన్నాళ్లూ కొట్టనని మాటిచ్చాం," అన్నాడు మద్దిలేటి. "ఆ మాట తప్పలేదు. కట్టిందీ నువ్వే, తీసిందీ నువ్వే."

ఇద్దరూ గోదా దాటి వాగు వైపు నడిచారు. పక్కపక్కనే, కానీ ఒకరినొకరు తాకకుండా.

అక్కడ నీడ లేదు. కూర్చోడానికి మెట్లు లేవు. మిట్టమధ్యాహ్నం ఇసుక కాలుతోంది. మద్దిలేటి వెనక్కి తిరిగి చూడాలనుకున్నాడు, చూడలేకపోయాడు. వెనక నుంచి అడుగుల చప్పుడు రాలేదు. కొండడు చెప్పిన మాటే నిజమైందనుకున్నాడు. ఎవరూ రాకపోయినా నువ్వు కొడతావా అని బీరప్పను అడిగాడు. నేను వచ్చింది నీ కోసం, వాళ్ల కోసం కాదన్నాడు బీరప్ప. ఆ మాటతో మద్దిలేటికి కొంచెం ఊపిరి ఆడింది.

గోదాలో జనం నీడను చూసుకున్నారు, మెట్లను చూసుకున్నారు, నడుమ ఒంటరిగా నిలబడ్డ చెన్నరాయుణ్ని చూశారు. ముందుగా లేచింది వెనక వరసలో కూర్చున్న కొండడు. కుంటుకుంటూ మెట్లు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా వాగు దారి పట్టాడు. తర్వాత ఒక కొంగ కుప్ప దగ్గరకెళ్లి తన పీతలు తాను ఏరుకుని ఎగిరిపోయింది. దాన్ని చూసి కుందేళ్లు, కుందేళ్లను చూసి జింకలు. ఎలుగుబంటి తేనెపట్టు మళ్లీ చంకన పెట్టుకుంది. తిరుపాలు ఒక్కొక్కరికీ అడ్డంపడి, చల్లగా ఇక్కడే కూర్చోండి, ఇంతకన్నా మంచి పందెం పెడతానని బతిమాలాడు. ఒక ముసలి జింక ఆగి మర్యాదగానే జవాబు చెప్పింది. నీ గోదా బాగుందయ్యా, కానీ మేం వచ్చింది వాళ్లిద్దరి కోసం అంది.

మద్దిలేటికి ముందు ధూళి కనబడింది, తర్వాత కొమ్ములూ చెవులూ కనబడ్డాయి. వాగు రెండు గట్లూ నిండిపోయాయి. సుంకులవ్వ ఒడ్డున రాయి మీద కూర్చుని, కానివ్వండి అన్నట్టు తల ఊపింది.

ఇద్దరూ వెనక్కి నడిచారు. మొదటి తాకిడికి గట్ల మీద పిట్టలు లేచిపోయాయి. ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి, లాక్కుని మళ్లీ వెనక్కి నడుస్తున్నారు, మళ్లీ పరుగు. మద్దిలేటి వేగం ఎక్కువ, బీరప్ప బరువు ఎక్కువ. ఒకసారి బీరప్ప మోకాళ్ల మీద పడ్డాడు, అందరూ అయిపోయిందనుకున్నారు, లేచాడు. మద్దిలేటికి మెడలో ఆ పాత కలుకు మొదలైంది. అయినా పరుగెత్తాడు. పొద్దు వాలింది. నీడలు పొడుగయ్యాయి. జనం కేకలు వెయ్యడం మానేసి ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆఖరి తాకిడికి ఇద్దరూ నుదుళ్లు ఆనించి, ఎవరూ తగ్గకుండా అలాగే ఉండిపోయారు. తర్వాత మద్దిలేటి తల మెల్లగా పక్కకు తిరిగింది.

ఓడిపోయాడు. అంత పేరున్న పొట్టేలు మొదటిసారి ఓడిపోయాడు. వాడికి ఆశ్చర్యమేసింది, ఎందుకంటే గుండెలో బరువు పెరగలేదు, దిగింది. బీరప్ప వచ్చి వాడి మెడ మీద తల ఆనించాడు. ఇద్దరూ కాసేపు ఒగరుస్తూ నిలబడ్డారు.

"ముందే కొట్టి ఉంటే నేనే గెలిచేవాణ్ని," అన్నాడు మద్దిలేటి.

"గెలిచేవాడివే," అన్నాడు బీరప్ప. "మన పౌరుషాలే ఇన్నాళ్లు ఆపాయి. నక్క కాదు."

ఆ సాయంత్రం ఇసుకలోనే పెద్ద సభ జరిగింది. జనం తెచ్చిందంతా మళ్లీ కుప్ప పోశారు, అందరి ముందూ పంచారు. చెన్నరాయుడు కూడా వచ్చాడు, మెడలో గజ్జెలు మోగుతుంటే సిగ్గుపడుతూ. కుర్ర పొట్టేళ్లన్నీ నక్కను తిట్టిపోశాయి. ఇక గోదా వద్దు, కొత్త పద్ధతులు వద్దు, పాతదే చాలన్నాయి. సుంకులవ్వ వాళ్లను ఆపింది. పాతది అంత బాగుంటే మీరంతా మెడలు ఎందుకు వంచారని అడిగింది. తిరుపాలు మన గురించి చెప్పిన లోపాలన్నీ నిజమే, తప్పల్లా వాటికి అతను ఇచ్చిన మందే అంది. పున్నమికి పందెం తప్పకపోవడం మంచిదే. కుర్రాళ్లకు చోటు దొరకడం మంచిదే. పట్టెడ ఒక్కటే ఉండటం కూడా మంచిదే. అది పందెం కుదిర్చేవాడి చేతిలో ఉండటమే చెడ్డది.

మాట్లాడి మాట్లాడి ఒక దారికి వచ్చారు. పట్టెడ ఒక్కటే. తాబేలు, నెమలి, గాడిద ముగ్గురూ కలిసి కడతారు, వాళ్లు పందేలు కుదర్చకూడదు. పందేలు ఎవరైనా కుదర్చవచ్చు, కానీ కుప్ప అందరి ముందే పంచాలి. మొనగాడు తన తర్వాతివాణ్ని ఏడాదిలోగా ఎదుర్కోవాలి, లేదంటే పట్టెడ దింపాలి. తాబేలు వెంటనే సరేనంది. నెమలి తన పేరు ముందు చెప్పాలని బేరమాడి ఒప్పుకుంది. గాడిద ఒప్పుకోలేదు. వానాకాలం దాకా అలిగి తన పట్టెడ తానే మెడలో వేసుకుని తిరిగి, ఎవరూ పట్టించుకోకపోయేసరికి వచ్చి కూర్చుంది. ఇప్పటికీ ఆ ముగ్గురి మధ్య ఏదో ఒక గొడవ నడుస్తూనే ఉంటుంది. అయినా పందెం మాత్రం ఆగదు.

మద్దిలేటి మళ్లీ పెద్ద పందెం కొట్టలేదు. చెన్నరాయుడికి వెనక్కి నడవడం ఎలాగో, మెడ ఎలా కాపాడుకోవాలో నేర్పాడు. రెండేళ్లు తిరిగేసరికి చెన్నరాయుడు బీరప్పను ఎదుర్కొన్నాడు. ఆ రోజు గట్టు మీద అందరికన్నా గట్టిగా అరిచింది మద్దిలేటే. ఎవరి తరఫున అరిచాడని అడిగితే ఇద్దరి తరఫునా అన్నాడు.

తిరుపాలు ఆ పున్నమి తర్వాత కొన్నాళ్లు కొండల వైపు రాలేదు. మిగిలిన పొట్టేళ్లు వరసగా వెళ్లి పట్టెడలు తియ్యమంటే, కాదని లాభం లేక ఒక్కొక్కటీ విప్పాడు. నీడ, మెట్లు, చదునైన నేల, అన్నీ ఉన్న గోదా ఖాళీగా పడి ఉండటం చూస్తే మద్దిలేటికే బాధేసింది. వాడే కబురు పంపాడు. అందరిలాగే నువ్వూ పందేలు కుదర్చుకో, నీ గోదాలోనే పెట్టుకో, పట్టెడ మాత్రం అడగకు, కుప్ప దాచకు అని.

తిరుపాలు తోక కాళ్ల నడుమ పెట్టుకుని వచ్చి, దిగువ అడవిలో ఇదే పద్ధతి నడిచింది కదా, ఇక్కడెందుకు నడవలేదని సుంకులవ్వను అడిగాడు. అక్కడ నువ్వు ఊరు కట్టి జనాన్ని తెచ్చావు, ఇక్కడ జనమున్న ఊరికి వచ్చి తలుపు నాదన్నావు అంది అవ్వ. అక్కడైనా ఎన్నాళ్లు నడుస్తుందో చూసుకోమంది.

ఆ మాట నిజం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక పున్నమి నాడు దిగువ గోదాలో పోటీకి ముందు కొండడు, ఏదుపంది, ముంగిస, ఉడుము నలుగురూ కలిసి కుప్ప చుట్టూ వచ్చి కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. తిరుపాలు కొండడి బోసి మెడ వైపు, మిగతా ముగ్గురి పట్టెడల వైపు చూశాడు. ఒక్కటి విప్పినా మూడూ విప్పాల్సి వస్తుందని, ఆ తర్వాత జనం ఎటు నడుస్తారో తనకు తెలియదని ఈసారి అతనికి గుర్తుంది. చెవి వెనక గోక్కుని, గంపలు పక్కకు నెట్టి, ఎవరికెంత పంచాలో మీరే చెప్పండన్నాడు.

నీతి: గోదా ఎవరు కట్టినా, జనాన్ని నడిపించుకొచ్చేది అందులో తలపడేవాళ్లే, ఆ సంగతి గుర్తుంచుకున్న గోదా పదికాలాలు నిలుస్తుంది.